ఎక్కడున్నావని అడుగుతుంది, అక్కడేముందో చెప్పదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బందిపై యాప్‌ల భారం గురించి మీ పత్రికలో తరచూ వార్తలు చదువుతున్నాను. ఒక్కొక్కరి ఫోనులో ఎన్ని యాప్‌లున్నాయి, రోజుకు ఎన్నిసార్లు హాజరు వేయాలి, సర్వర్ ఎంతసేపు మొరాయించింది అన్న లెక్కల దగ్గరే ఈ చర్చ చాలాసార్లు ఆగిపోతోంది. పాడేరు ఏజెన్సీలో ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా చేరి, మూడు దశాబ్దాలకు పైగా కొండ దారుల్లో తిరిగి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని కనుక నాకు వేరొక ప్రశ్న ముఖ్యమనిపిస్తోంది. ఊరూరా నడిచి పనిచేసే ఉద్యోగి ఏదో ఒక మలుపు దగ్గర నిలబడి ఇప్పుడు ఏం చేయాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు, ఆ చోటికి, ఆ వేళకు, ఆ మనిషికి సంబంధించిన సమాచారం ఆమె చేతికి అందుతోందా? నా అనుభవంలో అందలేదు. పైగా, అందించడానికి కావలసిన సరంజామా అంతా ఆ ఫోనులోనే ఉండి కూడా అందలేదు.

మా కాలంలో ఈ పని సుద్దముక్క చేసేది. పల్స్ పోలియో ఇంటింటి కార్యక్రమంలో ఆ ఇంట్లోని అయిదేళ్ల లోపు పిల్లలందరికీ చుక్కలు పడితే తలుపు పక్కన ఆంగ్ల అక్షరం ‘పీ’ అనీ, ఎవరైనా మిగిలిపోతేనో, ఇంటికి తాళం వేసి ఉంటేనో ‘ఎక్స్’ అనీ రాసి, పక్కనే తేదీ, బృందం సంఖ్య, తరువాత ఏ ఇంటికి వెళ్లారో చూపే బాణం గుర్తు వేసేవాళ్లం. మరునాడు వచ్చే బృందానికి రిజిస్టరు తిరగేయవలసిన పని ఉండేది కాదు. గుమ్మం ముందు నిలబడగానే ఈ ఇంట్లో అడుగు పెట్టాలో, ముందుకు సాగిపోవాలో గోడే చెప్పేది. మలేరియా విభాగం వారు దోమల మందు కొట్టిన తేదీని కూడా గోడ మీదే రాసేవారు. వాన పడితే సుద్ద గీత చెరిగిపోయేది, కొందరు ఇంటివాళ్లు పండగకు గోడలు అలికి చెరిపేసేవారు, అది వేరే సంగతి. 2014 మార్చి 27న మన దేశం పోలియో రహితమని ధ్రువపత్రం అందుకోవడం వెనుక టీకాలను చివరి ఊరి దాకా చల్లగా చేర్చే శీతల గొలుసు, శాస్త్రవేత్తల శ్రమ, లక్షల మంది కార్యకర్తల నడక ఉన్నాయి. వాటితో పాటు, నిర్ణయం తీసుకోవలసిన గుమ్మం మీదే సమాచారం రాసి ఉంచాలన్న ఈ చిన్న తెలివి కూడా ఉందని నా నమ్మకం.

కంప్యూటర్ శాస్త్రంలో దీనికి ఒక పేరుంది. నేను ఆ చదువు చదవలేదు. ఇంజినీరింగ్ చదివిన మా అబ్బాయి చెబితే తెలుసుకున్నాను. మనిషి ఉన్న చోటు, సమయం, చుట్టూ ఉన్న మనుషులు, వస్తువులు, చేస్తున్న పని, వీటిని గమనించి అందుకు తగిన సమాచారాన్నే ముందుకు తెచ్చే వ్యవస్థలను సందర్భం ఎరిగిన వ్యవస్థలని అంటారట. 1990ల ఆరంభంలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఓలివెట్టి పరిశోధనశాలవారు ఉద్యోగుల చొక్కాలకు పరారుణ కిరణాలు పంపే చిన్న బ్యాడ్జీలు తగిలించి, ఎవరు ఏ గదిలో ఉన్నారో తెలుసుకుని, వారికి వచ్చిన ఫోను కాల్‌ను వారికి దగ్గరలో ఉన్న ఫోనుకు మళ్లించారు. ఆ రంగానికి ఆ పేరు 1994 ప్రాంతంలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధకుల వ్యాసాలతో స్థిరపడింది. ఆ బ్యాడ్జీ కథలో నన్ను పట్టి నిలిపినది ఒక్కటే. ఉద్యోగి ఎక్కడున్నాడో తెలుసుకున్నది అతనికి రావలసిన కబురు అతని దగ్గరకు చేర్చడానికి. అదే సమాచారంతో అతని మీద నిఘా కూడా పెట్టవచ్చు కదా అన్న శంక కూడా ఆనాటి నుంచే ఉంది. ముప్పై ఏళ్ల తరువాత మన కొండల్లోకి వచ్చేసరికి కబురు చేర్చే సగం దారిలో జారిపోయి, నిఘా సగం మాత్రమే చేరింది.

ఆ మలుపు దగ్గర ఏం తేల్చుకోవలసి వస్తుందో పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే యాప్‌లు రూపొందించేవారికి తెలియనిది అదే. జూలై నెల, మధ్యాహ్నం 2 గంటలు అనుకుందాం. ఏఎన్‌ఎం భుజాన టీకాలను చల్లగా ఉంచే పెట్టె, వ్యాక్సిన్ క్యారియర్ ఉంది. ఉదయం 11 గంటలకు ఒక గూడెంలో మీజిల్స్-రూబెల్లా టీకా వయల్ (మందు సీసా) తెరిచి మందు కలిపింది. కలిపిన నాలుగు గంటల్లోగా వాడాలి, ఆ తరువాత పారేయాలి. పెంటావాలెంట్ వంటి టీకాల వయల్ అయితే చల్లదనం చెడకుండా చూసుకుంటే 28 రోజుల వరకు మళ్లీ వాడవచ్చు, దీనికి ఆ వెసులుబాటు లేదు. వయల్‌లో ఇంకా మూడు డోసులున్నాయి. ఎడమ దారిన వెళ్తే వచ్చే గూడెంలో రెండో డోసు పడవలసిన పిల్లలు ముగ్గురున్నారు. కుడి దారిన గెడ్డ (కొండవాగు) దాటితే ఎనిమిదో నెల గర్భిణి ఒకామె ఉంది. గత నెల ఆమె హిమోగ్లోబిన్ 7.4, అంటే తీవ్ర రక్తహీనతకు గీత గీసిన 7కు కాస్త పైన. ఆమె మొన్నటి సంతకు కూడా రాలేదని ఎవరో అన్నారు. పైన కొండ మీద మబ్బు కమ్మింది. గెడ్డ పొంగితే వెళ్లడం కాదు, వెళ్లాక తిరిగి రావడం కష్టం. ఆశా కార్యకర్తకు ఫోను చేద్దామంటే టవర్ లేదు.

ఈ నిర్ణయానికి కావలసిన సంగతులు అయిదారు. పిల్లల వివరాలు ఒక పోర్టల్ డ్యూ లిస్టులో, అంటే టీకా పడవలసినవారి జాబితాలో ఉన్నాయి. గర్భిణి హిమోగ్లోబిన్ మరొక యాప్‌లో ఉంది. వయల్ తెరిచిన వేళ వయల్ మీద పెన్నుతో రాసిన అంకెల్లో ఉంది. వాన సంగతి విపత్తుల నిర్వహణ సంస్థ పంపే మండల స్థాయి సందేశంలో ఉండవచ్చు. గెడ్డ సంగతి పశువులు కాసేవాడి నోట ఉంది. తాను నిలబడిన చోటు, సమయం ఫోనుకు సెకను తేడా లేకుండా తెలుసు. వీటన్నిటినీ కలిపి చూడగలిగే తెర మాత్రం ఎక్కడా లేదు. కలపవలసింది అలసిపోయిన ఆ మనిషి తల. అనుభవం ఉన్న ఏఎన్‌ఎం కలుపుకుంటుంది. కొత్తగా బదిలీ మీద వచ్చిన అమ్మాయికి ఆ గూడెం పేరే సరిగా పలకడం రాదు, ఆమె దేనితో కలుపుకోవాలి?

సమాచారం ఉండి కూడా చేరవలసిన చోటికి చేరకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట, ఏ ఊరో చెప్పను, టీకాల కోసం వెళ్లిన గూడెంలో ముఖం ఉబ్బిన ఒక గర్భిణికి బీపీ చూస్తే 160 దాటి ఉంది. వెంటనే ఆసుపత్రికి తరలించాలని తేల్చుకున్నాను, అందులో తప్పు లేదు. డోలీ కట్టించి, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) జీపు వచ్చి అందుకోగలిగిన రోడ్డు వైపు పంపించాను. ఒక మనిషిని ముందుగా పీహెచ్‌సీకి పరుగెత్తించాను. ఆ రోజు జీపు మరమ్మతుకు వెళ్లిందన్న సంగతి పీహెచ్‌సీలో అందరికీ తెలుసు, నాకు తప్ప. డోలీని రెండో దారిలో దింపి ఉంటే సాయంత్రం బస్సు దొరికేది. రోడ్డు పక్కన రాత్రి దాకా కూర్చున్నారు. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ప్రతి 108 వాహనం ఎక్కడుందో జీపీఎస్ ద్వారా కంట్రోల్ రూమ్ తెర మీద ఒక చుక్కగా చూస్తూనే ఉంటుంది. ఏజెన్సీలో ఫీడర్ అంబులెన్సుల పేరుతో బైకులు కూడా వచ్చాయి. డోలీని ఏ దారిన దింపాలో చెప్పే ఆ చుక్క, నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం నా చేతిలోని తెర మీద ఒక్కసారి కూడా కనిపించలేదు.

మరి మా ఫోనులకు చోటు, వేళ తెలియడం వల్ల జరిగిందేమిటి? హాజరు జరిగింది. ముఖం చూపి హాజరు, చోటు చూపి హాజరు, సమావేశానికి వచ్చినట్టు ఫొటో. మా శాఖ ఒక్కటే కాదు. ఉపాధి హామీ పనుల్లో 2021లో మొదలుపెట్టిన మొబైల్ పర్యవేక్షణ యాప్‌ను 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ తప్పనిసరి చేసి, కూలీల ఫొటోను చోటు, వేళ ముద్రలతో రోజుకు రెండుసార్లు ఎక్కించమన్నారు. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే తన ఉత్తర్వులో ఒప్పుకున్నది. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఇంటికిచ్చే రేషన్‌కు అదే నెల నుంచి ముఖ గుర్తింపును తప్పనిసరి చేశారు. సందర్భాన్ని పసిగట్టే శక్తి అంతా ఉద్యోగి లేదా లబ్ధిదారు అబద్ధమాడుతున్నారా అన్న ఒక్క ప్రశ్నకే ఖర్చవుతోంది.

ఈ మాట అంటున్నానని నిఘాకు కారణమే లేదని వాదించను. పర్యవేక్షకురాలిగా పనిచేసినదాన్ని, మా వాళ్ల గుట్టు నాకు తెలియనిది కాదు. గెడ్డ అవతలి గూడేలకు ఏడాది పొడుగునా వెళ్లకుండా, సంత నాడు కనిపించిన ఇద్దరు ముగ్గురి వేలిముద్రలతో రిజిస్టరు మొత్తం నింపినవారిని నేనే పట్టుకున్నాను. అలాంటి వారి వల్ల నష్టపోయినది ఆ గూడెం పిల్లలే. అయితే ఒకటి గమనించాను. ఎంట్రీ చేసిన సమాచారం తిరిగి తన పనికి పనికొస్తుందని తెలిసిన మనిషి దాన్ని సరిగా నింపుతుంది; పైకి పంపడానికే తప్ప తనకెందుకూ కొరగాదని తెలిసినప్పుడు, ఎంత నిజాయితీపరురాలైనా చివరి పది గడులను అంచనాతో నింపుతుంది. 2009 చివర్లో తల్లీబిడ్డల ట్రాకింగ్ వ్యవస్థ వచ్చినప్పటి నుంచి, ఆ తరువాత అవే వివరాలు ఎక్కించే ఆర్‌సీహెచ్ పోర్టల్, 2016లో మన రాష్ట్రంలో ఏఎన్‌ఎంల కోసం మొదలైన అన్‌మోల్ ట్యాబుల దాకా నేను చూసినది ఇదే. అన్‌మోల్ వచ్చినప్పుడు నిజంగా సంతోషించాను. బరువైన రిజిస్టర్ల మోత తప్పుతుందనుకున్నాను. తీరా రిజిస్టర్లూ మిగిలాయి, ట్యాబూ వచ్చి చేరింది.

మరో విధంగా చేయవచ్చని ఊహించి చెప్పడం లేదు. గుజరాత్‌లోని ఝగడియాలో సేవా రూరల్ అనే స్వచ్ఛంద సంస్థ ఇమ్‌టెకో అనే యాప్‌ను రూపొందించి, భరూచ్, నర్మద జిల్లాల గిరిజన ప్రాంతాల్లోని ఆశాలకు ఇచ్చింది. ఏ బాలింతను ఆ రోజు చూడాలో ఫోనే చెబుతుంది. ఇంట్లో కూర్చుని అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులను బట్టి ఇది ప్రమాద లక్షణమా కాదా, పీహెచ్‌సీకి పంపాలా అన్నది అక్కడికక్కడే సూచిస్తుంది. ఆ కేసు సంగతి పీహెచ్‌సీకి కూడా తెలుస్తుంది. 2019లో వెలువడిన వారి అధ్యయనం ఆశాల గృహ సందర్శనలు మెరుగుపడ్డాయని చూపింది.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా ఆలోచింపజేస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థవారు ఆశాలకు ట్యాబులిచ్చి, బీపీ తదితర వివరాలు నమోదు చేయగానే గుండెజబ్బు ముప్పు ఎంతో లెక్కగట్టి చెప్పే ఏర్పాటు చేశారు. అదే సమాచారం డాక్టరు తెర మీద చికిత్స సూచనలతో సహా కనిపించేది. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం ముప్పు ఉన్నవారు డాక్టరు దగ్గరకు వెళ్లడం పెరిగింది కానీ, బీపీ అదుపులోకి రావడంలో మాత్రం ఈ ఏర్పాటు వల్ల తేడా కనిపించలేదు. నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. నా ఉద్దేశంలో, ఎవరిని పంపాలో చెప్పగలిగినంత మాత్రాన వ్యవస్థ పని అయిపోదు; పంపిన చోట మందు ఉందా, నెల తరువాత మళ్లీ ఇస్తారా, ఆ పూట డాక్టరు ఉన్నారా అన్నవి కూడా సందర్భంలో భాగాలే. బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లిన ముసలాయన మందు లేదనిపించుకుని తిరిగి వస్తే, రెండోసారి ఆశా మాట వినడు. అందుకే టీకాల నిల్వలను, ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రతను నమోదు చేసే ఈవిన్ వ్యవస్థ నాకు గొప్పగా అనిపిస్తుంది. శీతల కేంద్రంలో ఎన్ని డోసులున్నాయో అక్కడ తెలుస్తుంది. ఆ వెలుగు పీహెచ్‌సీ ఫ్రిజ్ దగ్గరే ఆగిపోకుండా, గూడెం మలుపు దాకా, కనీసం మాత్రల లెక్కల వరకైనా రావాలి.

ఇంకా చిన్న ఉదాహరణ కావాలంటే పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారి ‘దామిని’ యాప్‌ను చూడండి. ఫోను ఉన్న చోటుకు 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతున్నాయేమో అది చూపిస్తుంది. నీవెక్కడున్నావు అని తెలుసుకుని, చెట్టు కిందికి వెళ్లవద్దు అని చెప్పడంతో దాని పని అయిపోతుంది. ఫొటో అడగదు.

ఏజెన్సీలో ఇలాంటి వ్యవస్థ పనిచేయాలంటే కొన్ని సంగతులు ముందే గట్టిగా అనుకోవాలి. మొదటిది సిగ్నల్. తెల్లవారి పీహెచ్‌సీలో ఉండగానే ఆ రోజు తిరగబోయే గూడేల వివరాలన్నీ ఫోనులోకి దిగిపోవాలి. లోపల తిరిగినంతసేపూ నెట్‌తో పని లేకుండా నడవాలి. సాయంత్రం టవర్ తగిలినప్పుడు సింక్ అయితే చాలు. సింక్ కాలేదన్న కారణంతో మెమో ఇచ్చే పద్ధతి ఉన్నంత కాలం ఎంత మంచి యాప్ అయినా మా వాళ్లకు భయం పుట్టించే వస్తువుగానే మిగులుతుంది. రెండోది భాష. తెర తెలుగులో ఉండాలనడం సరే, గర్భిణికి వినిపించే సూచనలు కువి, ఆదివాసీ ఒడియా వంటి ఇంటి భాషల్లో గొంతు రూపంలో ఉండాలి. ఏఎన్‌ఎం చెప్పలేక తడబడే చోట ఫోను ఒక్క నిమిషం మాట్లాడితే అది నిజమైన సాయం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న. జీపీఎస్ చుక్క పక్క గూడెం మీద పడవచ్చు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు గర్భిణుల వివరాలు కలిసిపోవచ్చు. గెడ్డ పొంగలేదని తెర చెబుతుండగా ఎదుట నీళ్లు మోకాలు దాటవచ్చు. మలేరియా కేసు తీసుకోండి. ప్రైమాక్విన్ మాత్ర గర్భిణులకు, ఏడాది లోపు శిశువులకు ఇవ్వరాదు. రక్తపరీక్షలో వైవాక్స్ రకం మలేరియా తేలిన ఒక వివాహిత పేరు గర్భిణుల జాబితాలో లేకపోతే వ్యవస్థ మాత్ర ఇవ్వమంటుంది. ఆమె ఇంకా ఎవరికీ చెప్పని రెండో నెల సంగతి, పక్కన కూర్చుని మెల్లగా అడిగిన ఏఎన్‌ఎంకే తెలుస్తుంది. కాబట్టి తెర సూచించినదానికి భిన్నంగా చేసే అధికారం ఆమెకు ఉండాలి, ఎందుకు చేసిందో ఒక్క మాటలో చెప్పే వీలు ఉండాలి, ఆ మాట సంజాయిషీగా కాక సమాచారంగా లెక్కలోకి రావాలి. అలాంటి వంద మాటలు పోగైతే వ్యవస్థ తానే మెరుగవుతుంది.

గోప్యత గురించి కూడా ఒక మాట. గోడ మీద ‘పీ’ అని రాస్తే ఎవరికీ నష్టం లేదు. క్షయ, హెచ్‌ఐవీ, గర్భస్రావం, సికిల్ సెల్ రక్తవ్యాధి సంగతులు ఇల్లు సమీపించగానే తెర మీద తళుక్కున మెరిస్తే, చుట్టూ మూగి తొంగిచూసే పిల్లలతో సహా ఊరంతా చదువుతుంది. వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది కానీ, పూరింటి వసారాలో కూర్చున్న ఏఎన్‌ఎం భుజం మీదుగా ఎవరు చూస్తున్నారో చట్టానికి కనిపించదు. ఏ వివరం ఎప్పుడు మూసి ఉంచాలో అక్కడ తిరిగిన మనుషులను అడిగి రాయాలి.

నేను కోరుతున్నది పెద్ద పథకం కాదు. వైద్య ఆరోగ్య శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కలిసి, ఏజెన్సీలో ఒక్క మండలాన్ని ఎంచుకుని, ఒక్క వానాకాలం ఒక్క పనికి దీన్ని వాడి చూడమంటున్నాను. ప్రసవ తేదీ ఏ వారంలో పడుతుందో మన దగ్గర ఉంది. ఏ గూడేనికి ఏ నెలల్లో దారి తెగిపోతుందో అక్కడి వారికి తెలుసు, నమోదు చేయాలంతే. ఈ రెండూ పక్కపక్కన పెడితే, ఎవరిని రెండు వారాల ముందే గర్భిణుల వసతి గృహానికి తీసుకురావాలో తేలిపోతుంది. డోలీ కట్టవలసిన అవసరం కొన్ని ఇళ్లకైనా తప్పుతుంది. ఆ గృహంలో ఆ రోజు మంచం ఖాళీ ఉందో లేదో, తీసుకువెళ్లే బండి ఎక్కడుందో కూడా అదే తెర మీద కనిపించాలి, ఎందుకంటే ఇంటిని, పెద్ద పిల్లలను వదిలి రమ్మని ఒక తల్లిని ఒప్పించడం చాలా కష్టం, ఒప్పించాక మంచం లేదని చెప్పడం అంతకంటే కష్టం. యాప్ గీసేవారు నమూనాను రాజధానిలో సమావేశం పెట్టి చూపించే ముందు, జూలైలో ఒక వారం పాటు ఏఎన్‌ఎం వెంట వ్యాక్సిన్ క్యారియర్ మోస్తూ నడవాలని నా మనవి. సీజన్ ముగిశాక ఎన్ని ఎంట్రీలు పడ్డాయని కాక, తెర మీద చూసిన దాని వల్ల ఆమె ఎన్నిసార్లు దారి మార్చుకుందో, ఎన్నిసార్లు తెర మాట కాదని తన మాట మీద నడిచిందో అడిగి, ఆ రెండు లెక్కలనూ మీ పత్రిక ద్వారా ప్రజలకు చెప్పాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
అల్లూరి సీతారామరాజు జిల్లా